పెనుమూడి ప్లాస్టిక్ ఇల్లు

రేపల్లెలో పాండురంగారావు సోడా ఫ్యాక్టరీకి సోడాల కోసం కాకుండా ఒట్టి గ్యాసు కోసం వచ్చిన మనిషి విశాలాక్షి ఒక్కతే. పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం, ఎండలు ఇంకా ముదరని రోజులు. బాపట్లలో సిలిండరు ఎవరూ ఇవ్వకపోతే, అక్కడ రైలెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం పడిగాపులు పడి, మధ్యాహ్నానికి ఆ రేకుల షెడ్డు ముందు నిలబడింది. లోపల సీసాలు కడుగుతున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. యజమాని ముప్పై దాటీ దాటని మనిషి. చొక్కా చేతులు పైకి మడిచి, మిషను దగ్గర తనే నిలబడి సోడాలు కొడుతున్నాడు.

"ఏం కావాలండి? కలరు సోడాలా, ప్లెయినా?"

"గ్యాసు కావాలండి. ఒక సిలిండరు."

"షాపు పెడుతున్నారా?"

"కాదండి. టమాటా మొక్కలకి."

సీసాలు కడిగేవాళ్ళు ఫక్కున నవ్వారు. అతను నవ్వలేదు. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాగి ఆమె ముందు వేశాడు.

"మొక్కలకి గ్యాసేంటండి? కాస్త నాకర్థమయ్యేట్టు చెప్పండి."

విశాలాక్షి చెప్పింది. మొక్క మట్టి ఒక్కదాన్నే నమ్ముకుని బతకదు. గాలిలో ఉండే బొగ్గుపులుసు వాయువును ఆకు పీల్చుకుని, ఎండతో వంట చేసుకుంటుంది. సోడా మూత తీస్తే బుస్సుమనేది ఆ వాయువే. గాలిలో అది మహా పల్చన. చలిదేశాల్లో అద్దాల ఇళ్ళు కట్టి, తలుపులు మూసి, లోపల ఆ వాయువును కాస్త చిక్కన చేస్తే కాపు విరగబడుతోందట. మన వైపు ఎవరైనా చేసినట్టు తను వినలేదు.

"మూసిన ఇంట్లో, మన ఎండలకి, మొక్క బతుకుతుందాండి?"

"అదే తెలీదండి. తెలుసుకోవాలనే నా ఆశ."

పాండురంగారావు ఇంటరు దాకా చదివాడు. తండ్రి పోతే ఫ్యాక్టరీ నెత్తిన పడి, పుస్తకాలు అటకెక్కాయి. తెలుసుకోవాలనే ఆశతో అంతదూరం రైళ్ళు మారి వచ్చిన మనిషిని అతను అంతకుముందు చూడలేదు. సిలిండరు ఇస్తానన్నాడు. అయితే తెలియనివాళ్ళ చేతికిస్తే ప్రమాదమని, తనే వెంట తెస్తానన్నాడు.

విశాలాక్షిది తెనాలి. తండ్రి వెంకట సుబ్బయ్యగారు హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయ్యాడు. తల్లి చిన్నప్పుడే పోతే, ఆ ఒక్క పిల్లనీ ఆయనే జడలు వేసి పెంచాడు. వాల్తేరులో వృక్షశాస్త్రం చదువుతానంటే బంధువులందరూ ముక్కున వేలేసుకున్నా, పెట్టె పట్టుకుని రైలెక్కించింది ఆయనే. ఇప్పుడామె బాపట్లలో కూరగాయల మీద పరిశోధన చేసే ఒక చిన్న విభాగంలో ఉద్యోగం చేస్తోంది. పెళ్ళి మాటెత్తిన వాళ్ళకి వెంకట సుబ్బయ్యగారు చెప్పే జవాబొకటే: "దాని మనసులో ఏముందో అదే చెబుతుంది. మనకెందుకు తొందర?"

బాపట్లలో వెదురుబద్దలు వంచి, మద్రాసు నుంచి తెప్పించిన ప్లాస్టిక్ షీటు కప్పి చిన్న ఇల్లు కట్టారు. పాండురంగారావు సిలిండరును గార్డు పెట్టెలో వేయించుకుని వచ్చాడు. సన్నని చిల్లులు పొడిచిన రబ్బరు గొట్టం సాళ్ళ వెంట పరిచి, మర తిప్పాడు. గ్యాసు నిండిందో లేదో చూడ్డానికి విశాలాక్షి గాజు పళ్ళెంలో సున్నపు తేట పోసి లోపల పెట్టింది. నీళ్ళలాంటి తేట చూస్తుండగానే పాలలా తెల్లబడింది. ఇద్దరూ పిల్లల్లా కేక పెట్టారు.

ఆ సంబరం మధ్యాహ్నం దాకా నిలవలేదు. మూసిన ఇంట్లో ఆవిరి చుక్కలు కట్టి కారింది. ఆకులు ఉడికించిన తోటకూరలా వాలిపోయాయి. వారం తిరక్కుండా పూతంతా రాలింది. విభాగం పెద్ద హనుమయ్యగారు లోపలికి తొంగిచూసి, "ఇది తోట కాదమ్మాయ్, ఇడ్లీపాత్ర" అన్నారు. ఎగతాళికి అన్న మాట కాదది, జాలిగానే అన్నారు. సరేనని పక్కల షీట్లు ఎత్తి పెడితే మొక్కలు తేరుకున్నాయి గానీ గ్యాసు నిలవలేదు. పళ్ళెంలో తేట తేటగానే ఉండిపోయింది. మూస్తే ఉడుకుతాయి, తెరిస్తే గ్యాసు సముద్రం పాలు. ఆ రెంటి మధ్యా దారి కనిపించక విశాలాక్షి ఆ వేసవంతా నలిగిపోయింది.

దారి కోసం ఆమెతో పాటు పాండురంగారావూ వెతికాడు. అతనివాళ్ళకి రేపల్లె పక్కన పెనుమూడిలో, కృష్ణ ఒడ్డున మెరక చేను ఉంది. పొద్దెక్కేదాకా అక్కడ ఏటిగాలి చల్లగా కొడుతుంది. "ఇక్కడ ఉక్క. అక్కడ వేసి చూద్దామండి" అన్నాడు. హనుమయ్యగారు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది వానాకాలం విశాలాక్షి పెనుమూడి వచ్చి, పాండురంగారావు తల్లి కోటేశ్వరమ్మగారింట్లో దిగింది. అతనూ ఫ్యాక్టరీ పని మేస్త్రీకి అప్పగించి, పొద్దుటిపూటలు ఊళ్ళోనే ఉండిపోయాడు.

"పంతులుగారమ్మాయివి, మా ఇంట్లో తింటావా తల్లీ?" అంది కోటేశ్వరమ్మగారు మొదటిరోజే.

"పెడితే తింటానండి" అంది విశాలాక్షి. ఆ మాటతో ఆవిడ మనసు గెలుచుకుంది.

ఈసారి ఇళ్ళు రెండు కట్టారు, ఒకటి గ్యాసుకి, ఇంకొకటి ఉత్తది, పోల్చి చూడ్డానికి. అక్కడే, ఒక తెల్లవారుజామున చేలోకి నడుస్తూ విశాలాక్షికి తట్టింది. రోజంతా గ్యాసు ఎందుకివ్వాలి? తొలి వెలుగు పడగానే ఆకు పని మొదలుపెడుతుంది. అప్పటికి ఎండ వేడి ఉండదు కాబట్టి ఇల్లు మూసి ఉంచొచ్చు. మూసి ఉన్న ఇంట్లో గాలిలోని ఆ పిసరు వాయువూ మొక్కలే చప్పరించేస్తాయి. కడుపు కాలేది ఆ వేళే. పెట్టాల్సిందీ ఆ వేళే. ఎండ చురుక్కుమనేసరికి పక్కలు ఎత్తేసి ఏటిగాలి లోపలికి వదిలితే ఉడకవు. వెనక నడుస్తున్న పాండురంగారావుకి ఈ మాట చెప్పడానికి ఆమె గట్టు మీదే ఆగిపోయింది. చెబుతూ అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తర్వాతెప్పుడో తెలిసి వదిలేసింది.

అప్పట్నుంచి పొద్దున్నే ఒకటే పని. తూర్పు తెల్లబడగానే మర తిప్పడం, తలుపు మూసి బయటికి వచ్చెయ్యడం, పొద్దు కాస్త పైకొచ్చేదాకా గట్టు మీద కూచుని కనిపెట్టుకుని ఉండడం. గ్యాసు నిండిన ఇంట్లో మనిషి ఉండకూడదు గనక, ఆ కాసేపూ వాళ్ళు చెయ్యగలిగిందేమీ లేదు. కోటేశ్వరమ్మగారు ఇత్తడి చెంబులో కాఫీ పంపేది. అవతలి ఒడ్డుకి పోయే పడవలో జనం మాటలు నీళ్ళ మీదుగా వినిపించేవి. పాండురంగారావు తను చదవలేకపోయిన చదువు గురించి చెప్పేవాడు. విశాలాక్షి తండ్రి దగ్గర నేర్చుకున్న శ్లోకం చెప్పి అర్థం విడమరిచేది. పక్కలు ఎత్తాల్సిన వేళ దగ్గరపడుతుంటే, ఇంకాస్త మబ్బు పడితే బాగుండుననిపించేది ఆమెకి. మొక్కల మీద పని చేసే మనిషికి రావలసిన కోరిక కాదది.

శ్రావణంలో కాపు మొదలైంది. బయట చేలల్లో వానకి కాయలు కుళ్ళి నేలరాలుతుంటే, ఇక్కడ గుత్తులు గుత్తులుగా వేలాడాయి. ఉత్త ఇంటి కంటే గ్యాసు ఇంట్లో కాపు ఒకటిన్నర రెట్లు దిగింది. "ఇన్ని రామ్ములక్కాయలు ఏం చేసుకుంటాంరా?" అంటూ కోటేశ్వరమ్మగారు టమాటాలు ఊరంతటికీ పంచిపెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున, గట్టు మీద, పాండురంగారావు చెంబు పక్కన పెట్టి అన్నాడు.

"విశాలాక్షిగారూ, ఒక మాటండి. ఈ పంట అయిపోతే మీరు బాపట్ల వెళ్ళిపోతారు. వెళ్ళకుండా ఉండే దారి ఏదన్నా ఉందాండి?"

ఆమెకి అర్థమైంది. తనది ఏ ఇల్లో, అతనిది ఏ ఇల్లో, ఆ రెంటి మధ్యా ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె గొంతు తొణకలేదు.

"మా నాన్నగారితో మాట్లాడతానండి. ఆయన నా మాట ఎన్నడూ కాదనలేదు."

"ఎన్నాళ్ళైనా ఆగుతాను" అన్నాడతను.

రేపల్లె నుంచి తెనాలి దాకా రైల్లో తండ్రికి చెప్పాల్సిన మాటలన్నీ ఆమె మనసులో కూర్చుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఆయన ఏమంటే తను ఏమనాలి, అన్నీ. ఇంటి గేటు దగ్గర పక్కింటి సుగుణమ్మగారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "కంగారుపడకే తల్లీ. పొద్దున స్నానానికి లేచి పడిపోయారు. నీకు కబురంపుదామనే అనుకుంటున్నాం."

వెంకట సుబ్బయ్యగారికి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె శ్లోకం చదువుతూ ఒక అక్షరం తప్పు పలికితే కళ్ళు చిట్లించేవాడు. డాక్టరు ఇక ఇంతేనన్నాడు.

విశాలాక్షి ఉద్యోగం మానలేదు. పగలు తండ్రిని సుగుణమ్మగారు కనిపెట్టుకుని ఉండేది, ఆమె తెనాలి నుంచి బాపట్లకి రోజూ రైల్లో పోయి వచ్చేది. రాత్రీ తెల్లవారుజామూ మాత్రం ఆయన పక్కన ఆమే ఉండాలి. ఒత్తిగిలించాలి, తుడవాలి, జావ పట్టాలి. పెనుమూడిలో పనంతా ఆ తెల్లవారుజామునే. దారి దొరికిన పని అలా నిలిచిపోయింది.

నెల తర్వాత పాండురంగారావు బుట్టనిండా టమాటాలు తీసుకుని తెనాలి వచ్చాడు. విశాలాక్షి అతన్ని తండ్రి మంచం దగ్గరికి తీసుకెళ్ళి, "పెనుమూడి పాండురంగారావుగారు నాన్నా. మా పనికి సాయం చేశారు" అంది.

వెంకట సుబ్బయ్యగారు అతనివైపు చాలాసేపు చూశాడు. తర్వాత కూతురివైపు చూశాడు. ఎడమచెయ్యి మెల్లగా లేపి, గాల్లో కదిపి, గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. ఆమె వంగి వింది. మంచినీళ్ళేమోనని గ్లాసు పెదాల దగ్గర పెట్టింది. ఆయన తాగలేదు. చెయ్యి దించేసి కళ్ళు మూసుకున్నాడు.

గేటు దగ్గర పాండురంగారావు అడిగాడు. "చెప్పారాండి ఆయనకి?"

"లేదండి."

"చెబితే వింటారు కదా."

"వింటారు. వద్దనాలంటే ఆయనకి మాట లేదు. వద్దనలేని మనిషి ముందు నిలబడి నా మాట నెగ్గించుకోలేనండి. అది మా నాన్నని మోసం చేసినట్టే."

"సరేననాలన్నా మాట లేదు కదండి" అన్నాడతను నెమ్మదిగా. "ఇందాక చెయ్యి కదిపారు. నన్ను దగ్గరికి రమ్మన్నారనిపించింది."

"పొమ్మన్నట్టు అనిపించింది నాకు."

ఇద్దరిలో ఎవరిది నిజమో చెప్పగలిగినవాడు లోపల మంచం మీద ఉన్నాడు. ఆయన్ని అడగడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. ఆ రాత్రీ, ఆ తర్వాత ఎన్నో రాత్రులూ, అడుగుదామని మంచం దగ్గర కూచునేది. 'ఔనైతే కళ్ళు మూయండి నాన్నా' అంటే చాలు. ఆయన కూడా ఏదో అడగబోతున్నట్టే చూసేవాడు. ఆయన మూయకపోతే తన బతుకేమవుతుందోనని ఒక భయం. మూస్తే, గత్యంతరం లేక మూశాడేమోనని ఇంకొక భయం. నోటిదాకా వచ్చిన మాట జావగ్లాసుతో వెనక్కి పోయేది.

పాండురంగారావు ఏదో పని పెట్టుకుని తెనాలి వస్తూనే ఉండేవాడు. డెబ్భై ఒకటిలో వచ్చినప్పుడు మాత్రం గేటు దాటి లోపలికి రాలేదు.

"మా అమ్మకి చూపు బాగా తగ్గిందండి. వంటింట్లో తడుముకుంటోంది. మేనమామ కూతురు ఆదిలక్ష్మిని చేసుకోమని ఏడుస్తోంది." అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు. "మీరు ఆగమంటే ఆగుతాను."

విశాలాక్షికి లోపల్నుంచి తండ్రి దగ్గు వినిపించింది. ఎన్నాళ్ళని ఆగమంటుంది? ఆగమనడమంటే తండ్రి ఎప్పుడు పోతాడా అని ఎదురుచూడడమే కదా.

"చేసుకోండి."

"మళ్ళీ ఒకసారి ఆలోచించి..."

"చేసుకోమంటున్నాను కదండీ!" అంది కసిరినట్టు. తన గొంతు తనకే కటువుగా వినిపించింది.

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆమె లోపలికొచ్చింది. వెంకట సుబ్బయ్యగారు ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, దీపాలు పెట్టే వేళ దాటినా వదల్లేదు. ఆయన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు దిండులోకి కారాయి. అన్నీ విన్నాడని ఆమెకి తెలిసింది. ఆయన అనదలుచుకున్నదేమిటో మాత్రం, డెబ్భై మూడులో ఆయన పోయాక కూడా, తెలియకుండానే మిగిలిపోయింది.

తెనాలి ఇంటిని అద్దెకిచ్చి విశాలాక్షి బాపట్లలోనే కాపురం పెట్టింది. హనుమయ్యగారు రిటైరైతే విభాగం ఆమె చేతికొచ్చింది. ఇప్పుడు తెల్లవారుజాములన్నీ ఆమెవే. చెయ్యాలంటే ప్లాస్టిక్ ఇల్లు బాపట్లలోనే కట్టుకోవచ్చు. కానీ కళ్ళు మూసుకుంటే ఆమెకి కనపడేది ఏటి ఒడ్డే. డెబ్భై అయిదు శ్రావణంలో, పాత చోటు ఎలా ఉందో చూడాలి, పనికొస్తే మళ్ళీ మొదలుపెట్టాలి అని తనకు తానే సర్దిచెప్పుకుని పెనుమూడి వెళ్ళింది.

పాడుబడిపోయి ఉంటుందనుకున్న చోట కొత్త వెదురుతో ప్లాస్టిక్ ఇల్లు నిలబడి ఉంది. పక్కల షీట్లు చుట్టి పైకి కడుతున్న మనిషి వెనక్కి తిరిగింది. నల్లగా, పొడుగ్గా ఉంది. కొంగు బిగించి దోపుకుంది.

"మీరు బాపట్ల విశాలాక్షిగారు కదండీ?"

"ఎలా తెలిసిందండి?"

"ఇంటిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది మీరు కాక ఇంకెవరుంటారండి?" అంది ఆదిలక్ష్మి. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఆయన పెళ్ళికి ముందే నాకన్నీ చెప్పారు. చెప్పాకే చేసుకున్నాను. రండి, మీరు రావడం మంచిదైంది. నా మొక్కలకేదో తెగులు పట్టుకుంది."

సిలిండరు గ్యాసు సోడాలకే చాలడం లేదని, ఆదిలక్ష్మి వేరే ఉపాయం పట్టింది. చెత్త కుళ్ళినా అదే వాయువు పుడుతుందని విశాలాక్షి ఒకప్పుడు పాండురంగారావుతో అన్న మాట ఆమె చెవిన పడింది. సాళ్ళ మధ్య గోతులు తీసి, ఊకా పచ్చిపేడా కలిపి నింపింది. రాత్రంతా మూసి ఉంచితే తెల్లారేసరికి ఇల్లంతా వాయువు నిండుతోంది. కాపు మొదట పెరిగింది. ఈ ఏడు మాత్రం ఆకుల అంచులు మాడిపోతున్నాయి.

విశాలాక్షి లోపలికి అడుగుపెట్టి, వంగి, గోతి మీద గాలి పీల్చింది. కళ్ళు భగ్గుమన్నాయి.

"పచ్చిపేడ వేడెక్కితే ఇంకో ఘాటు గాలి కూడా పుడుతుందమ్మా. మాడ్చేది అదే. ఈ పేడని ముందు బయట గడ్డితో కలిపి కుళ్ళబెట్టు. ముక్కుకి ఘాటు తగలనంత దాకా ఆగి, అప్పుడు లోపలికి తీసుకురా."

"అంతేనాండి? నేను ఎరువు తక్కువైందేమోనని ఇంకా పోస్తున్నా!" ఆదిలక్ష్మి నెత్తి కొట్టుకుని నవ్వింది. విశాలాక్షికీ నవ్వొచ్చింది.

సాయంత్రం పాండురంగారావు ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. అరుగు మీద ఆమెను చూసి చెప్పులు విడవడం మరిచి నిలబడిపోయాడు.

"నాన్నగారు పోయారని విన్నానండి. రావాలనుకుని, రాలేకపోయాను."

"తెలుసండి."

కోటేశ్వరమ్మగారు గోడ పట్టుకుని వచ్చి, విశాలాక్షి మొహమంతా తడిమి, "చిక్కిపోయావే" అని ఏడ్చింది.

తెల్లవారుజామున ఆడవాళ్ళిద్దరూ చేలోకి వెళ్ళారు. రెండు గోతుల్లో పచ్చిపేడ ఎత్తిపోసి, ఊరి దిబ్బలో మాగిన ఎరువు తెచ్చి నింపారు. పాండురంగారావు గంపలు అందించాడు. పొద్దు పొడిచేసరికి ఇల్లు మూసి ముగ్గురూ గట్టు మీద కూచున్నారు. ఆదిలక్ష్మి మధ్యలో కూచుని, ఏ నెలలో ఏ విత్తనం బాగుంటుందో అడుగుతూ పోయింది. విశాలాక్షి చెబుతూ పోయింది. ఏటి మీద మబ్బు కమ్ముకుని ఆ పూట ఎండ ఆలస్యమైంది. అతను అవతలి ఒడ్డు చూస్తూ కూచున్నాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. తిరగకుండా ఉండడానికి అతను ఎంత కష్టపడుతున్నాడో, చూడకుండానే ఆమెకి తెలుస్తోంది.

ఆ ఏడు ఆదిలక్ష్మి పంట నిలబడింది. తర్వాతి వానాకాలానికి సంగం జాగర్లమూడి నుంచి రైతులిద్దరు వచ్చి చూసి వెళ్ళి, కాలవ గట్టున ఇలాంటివే కట్టుకున్నారు. ఇల్లెలా కట్టాలో, ఎరువెలా మాగబెట్టాలో వాళ్ళకి ఆదిలక్ష్మే దగ్గరుండి నేర్పింది. విశాలాక్షి ఏటా శ్రావణంలో ఒకసారి వచ్చి చూసి వెళ్ళేది. ఇంకో పూట ఉండమని ఆదిలక్ష్మి ఎంత బతిమాలినా, పక్కలు ఎత్తడం కాగానే బయల్దేరేది.

మొదటిసారి అలా బయల్దేరిన రోజున తెనాలిలో దిగి, బాపట్ల బండి కోసం బెంచీ మీద కూచుంది. బండి వచ్చింది. ఎక్కాల్సిన జనం ఎక్కారు. ఆమె లేవలేదు. పెనుమూడిలో రేపూ తెల్లవారుతుంది, తను లేకపోయినా ఆ ఇల్లు తెరుచుకుంటుంది, మొక్కలు బాగుంటాయి. కావాలనుకున్నది అదే కదా అనుకుంది. బండి కదిలిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక, పమిటచెంగుతో మొహం తుడుచుకుని, తర్వాతి బండి ఎప్పుడని పోర్టరును అడిగింది.